మైకు ముందుకు రాకముందే ఒక కాగితం: తెలుగు పాటలు చేయించేవారికి బహిరంగ లేఖ

తెలుగు సినిమా నిర్మాతలకు, ఆడియో కంపెనీల బాధ్యులకు, జానపద, భక్తి, క్రైస్తవ గీతాల ఛానళ్లు నడుపుతున్న యజమానులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో, కృష్ణానగర్‌కూ యూసుఫ్‌గూడకూ నడుమ ఉన్న వీధుల్లో ఒక రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. బాణీకి వాద్యాలు సమకూర్చడం, గాయనీగాయకుల చేత పాడించడం, మిక్సింగ్, మాస్టరింగ్ చేసి పాటను విడుదలకు సిద్ధంగా అప్పగించడం నా వృత్తి. మీలో చాలామంది నాలాంటి వారి దగ్గర పాటలు చేయించుకున్నవారే. ఈ లేఖలో మిమ్మల్ని కోరేది ఒక్కటే. పాట పని మొదలుపెట్టే ముందు ఆ పాట మాస్టర్ (విడుదలకు సిద్ధమైన చివరి రికార్డింగు) ఎవరిది, డబ్బు ఎంత, ఎప్పుడు ఇస్తారు, ఎవరి పేరు ఎక్కడ వేస్తారు అనే విషయాలు రాసి, ఇరువైపులా సంతకాలు చేసిన ఒక కాగితం ఉండాలి. ఇది చిన్న కోరికగా కనిపించవచ్చు. కానీ ఈ రంగంలో స్థిరపడాలని వచ్చినవారు మధ్యలోనే స్టూడియోకు తాళం వేసి వేరే ఉద్యోగం చూసుకోవడానికి ప్రతిభ చాలకపోవడం కన్నా, పరికరాలు చాలకపోవడం కన్నా, ఈ కాగితం లేకపోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. అది ఎలాగో చెప్పడానికే ఇంత పొడుగు లేఖ రాయవలసి వచ్చింది.

మన పని ఏ నెలలో ఎలా సాగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆషాఢానికి ముందే బోనాల పాటలు, ఆ వెంటనే గణపతి పాటలు, భాద్రపదం ముగిసేలోగా బతుకమ్మ పాటలు, కార్తీకానికి అయ్యప్ప భజనలు, అక్టోబరు నుంచే క్రిస్మస్ గీతాలు, ఎన్నికలు ప్రకటిస్తే రాత్రికి రాత్రి పార్టీ పాటలు వస్తాయి. మిగతా నెలలు డబ్బింగ్‌తో, ప్రకటనలతో, పాఠశాల వార్షికోత్సవాల ట్రాకులతో గడుస్తాయి. ఎంగిలిపూల నాటికి బయటికి రాని బతుకమ్మ పాటకు ఆ ఏడాదికి ఇక విలువ లేదు. ఆ తొందర నిజమైనదే కనుక, మీరు ఫోన్ చేసి ‘ముందు పాట కానివ్వు, మిగతాది తర్వాత చూసుకుందాం’ అనగానే మేము పనిలోకి దిగుతాము. సద్దుల బతుకమ్మ నాటికి ఆ పాట వాడవాడలా మోగినా, ఆ ‘తర్వాత’ మాత్రం దీపావళి దాటుతుంది, కొన్నిసార్లు సంక్రాంతి కూడా దాటుతుంది. పండుగ తొందర ఎంత నిజమో, ఒక పేజీ చదివి సంతకం చేయడానికి పావుగంట చాలుననేదీ అంతే నిజం.

మా వైపు ఖర్చు ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పాలి, ఎందుకంటే ‘మైకు, కంప్యూటరు ఉన్నాయి కదా, ఇంకేం ఖర్చు’ అనే మాట మాకు తరచుగా వినిపిస్తుంది. స్టూడియోలో అన్నిటికన్నా ఖరీదైనది గది. మా ప్రాంతంలో మామూలు అద్దె వాటా తీసుకుంటే పక్క స్థలంలో బోరు వేసే యంత్రం, కింద ఆటో, ముహూర్తాలు మొదలుకాగానే వీధిలో బారాత్ డీజే, పైవాటాలో మిక్సీ, అన్నీ గాయకుడి గొంతుతో పాటు మైకులోకి వస్తాయి. వాటిని ఆపాలంటే గోడ బరువు పెంచాలి. కానీ గోడ బరువును రెట్టింపు చేసినా లెక్క ప్రకారం తగ్గే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ మాత్రమే. అందుకే గోడ లోపల మరో గోడ, రెండింటి నడుమ ఖాళీ, ఆ ఖాళీలో శబ్దాన్ని మింగే రాతినార (రాక్‌వూల్), పైన రెండు మూడు పొరల జిప్సం బోర్డు, గాలి చొరకుండా అంచుల్లో రబ్బరు బిగించిన బరువైన తలుపు, కంట్రోల్ రూముకూ పాడే గదికీ మధ్య రెండు వరుసల అద్దం, చప్పుడు చేయకుండా చల్లగాలి తెచ్చే డక్టు, ఇవన్నీ కావాలి. గోడకు స్పాంజి అతికిస్తే చాలనుకునేవారు ఇంకా ఉన్నారు. స్పాంజి గది లోపలి ప్రతిధ్వనిలో పైస్థాయి శబ్దాలను కొంత మింగుతుంది తప్ప బయటి బారాత్‌ను ఆపదు.

శబ్దం ఆగిన తర్వాత ఆ గది నిజం చెప్పేలా చేయడం మరో పని. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కనుక, 10 అడుగుల ఎత్తున్న గదిలో నేలకూ పైకప్పుకూ మధ్య మొదటి అనునాదం 56 హెర్ట్జ్ దగ్గర నిలబడుతుంది. అంటే బేస్, కిక్ డ్రమ్ ఉండే చోటే గది తన సొంత శబ్దాన్ని కలుపుతుంది. కూర్చున్న చోటును బట్టి ఆ బేస్ ఉన్నదానికన్నా ఎక్కువగానో, అసలు లేనట్టుగానో వినిపిస్తుంది, దాన్ని నమ్మి మిక్స్ చేస్తే అదే పాట కారులో మోగినప్పుడు డబడబలాడుతుంది. దాన్ని సరిచేయడానికి మూలల్లో అడుగుల మందాన, ఆ బేస్ శబ్దాన్ని మింగే బేస్ ట్రాపులు కట్టాలి, దానితో ఉన్న గదే చిన్నదవుతుంది. ఇదంతా అద్దె ఇంట్లో, చాలాసార్లు 11 నెలల అద్దె పత్రం మీద జరుగుతుంది. యజమాని ఖాళీ చేయమంటే మైకులు, మైకు శబ్దాన్ని కంప్యూటరుకు అందించే ఇంటర్‌ఫేసు, మానిటర్ స్పీకర్లు డబ్బాల్లో సర్దుకుని వెళ్లవచ్చు, అమ్మితే ఎంతో కొంత వస్తుంది. గోడలో పోసిన డబ్బు మాత్రం గోడలోనే ఉండిపోతుంది. స్టూడియో పెడతామని సలహాకు వచ్చే కుర్రవాళ్లకు నేను ఏ మైకు కొనాలో చెప్పే ముందు ఇంటి యజమానితో దీర్ఘకాల లీజు రిజిస్టరు చేయించుకోమని చెబుతుంటాను. వాళ్లు మైకు గురించే మళ్లీ అడుగుతారు.

ఈ పెట్టుబడికి బ్యాంకు దగ్గరకు వెళ్తామనుకోండి. ముద్రా పథకంలో హామీ లేకుండా 10 లక్షల రూపాయల వరకు, తరుణ్ విభాగంలో తీసుకున్న అప్పు సక్రమంగా తీర్చినవారికి 2024 అక్టోబరు నుంచి 20 లక్షల వరకు అప్పు ఇచ్చే వీలుంది. బ్యాంకు మేనేజరు అడిగేది మా పాటలకు ఎన్ని వ్యూస్ వచ్చాయని కాదు; చేతిలో ఉన్న ఆర్డర్లు, రావలసిన డబ్బు, దానికి ఆధారం. నోటిమాట మీద నడిచే పనికి మేము ఆధారం ఎక్కడినుంచి తేగలం? ఏడాది పొడవునా తీరిక లేకుండా పనిచేసిన స్టూడియో కూడా బ్యాంకు దృష్టిలో ఆదాయం లేని స్టూడియోగానే మిగులుతుంది. మీరు సంతకం చేసిన పనిపత్రం మాకు మీ మీద పోట్లాడడానికి అవసరమని మీలో కొందరు అనుకుంటున్నారు. దాని మొదటి ఉపయోగం బ్యాంకులో.

ఇక్కడ మీ వైపు నుంచి వచ్చే ఒక వాదనను ఒప్పుకోవాలి. ఈ రోజుల్లో లాప్‌టాప్, రెండు చానెళ్ల ఇంటర్‌ఫేసు, ఓ మోస్తరు కండెన్సర్ మైకు ఉన్న కుర్రవాడు బెడ్‌రూములో కూర్చుని పాట పూర్తిచేస్తున్నాడు కదా, మీకు ఇంత ఎందుకు ఇవ్వాలి అంటారు. నిజమే. వాద్యాల ప్రోగ్రామింగ్ అంతా కీబోర్డుతో సాగే డీజే పాటకు, ఒకే గొంతు ఉన్న చిన్న భక్తి పాటకు ఆ బెడ్‌రూము చాలు. అలాంటి పనితో నా దగ్గరకు వచ్చినవారిని నేనే అటు పంపుతుంటాను. అయితే డప్పు బృందం, సన్నాయి, నలుగురు కోరస్, వయొలిన్లు ఒకేచోట వాయించవలసి వచ్చినప్పుడు గది కావాలి. ఏది ఎక్కడ చేయించుకోవాలో నిర్ణయించుకునే హక్కు మీది. కానీ బెడ్‌రూములో చేసిన కుర్రవాడికి కూడా ఇదే కాగితం కావాలి, నాకన్నా అతనికే ఎక్కువ కావాలి, ఎందుకంటే అతను బేరమాడే స్థితిలో ఉండడు.

ఇక హక్కుల విషయానికి వస్తాను. ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు కర్తగా లెక్కించేది దాని తయారీకి చొరవ, బాధ్యత తీసుకున్న నిర్మాతను. ఆ రికార్డింగు మీద హక్కు పాట విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి 60 ఏళ్లు ఉంటుంది. మీరు డబ్బు పెట్టి, గాయకులను పిలిచి, స్టూడియో అద్దె కట్టి చేయించుకున్న పాట మాస్టర్ మీదేననడంలో నాకు అభ్యంతరం లేదు. చిక్కు వచ్చేది మరో రకం పనిలో. ‘స్టూడియో నీదే, ట్రాకు నువ్వే చెయ్యి, పాట ఆడాక వచ్చిన దాంట్లో వాటా ఇస్తా’ అని పని చేయించుకున్నప్పుడు గది, వాద్యకారుల పారితోషికం, నెలల శ్రమ మావి. పాట ఎక్కేది మీ ఛానెల్‌లో. ఇందులో చొరవ ఎవరిది, బాధ్యత ఎవరిది? రాత లేకపోతే దీన్ని తేల్చవలసింది కోర్టు. 60 ఏళ్ల ఆస్తిని రెండు వాట్సాప్ సందేశాలకు వదిలేయడం మీకూ మాకూ తగని పని.

రాత లేకపోవడం వల్ల నష్టపోయేది మేము మాత్రమే అనుకోవద్దు. అదే చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం కాపీరైటు బదిలీ సంతకంతో కూడిన రాతలో ఉంటేనే చెల్లుతుంది; ఆ పత్రంలో గడువు చెప్పకపోతే ఆ బదిలీ 5 సంవత్సరాలకే పరిమితమవుతుంది; ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశం వరకే అని భావించాలి. మీ బాణీ కట్టిన వ్యక్తి నుంచి మీకు సంతకంతో పత్రం లేకపోతే ఆ బాణీ మీదికి వచ్చిందని ఏ ధైర్యంతో చెబుతారు? అమెరికాలో, గల్ఫ్‌లో తెలుగువారు వింటున్న పాటకు దేశం దాటిన హక్కు మీకు ఎక్కడ ఉంది? పాట చిన్నదిగా ఉన్నంతకాలం ఎవరూ అడగరు. అదే పాట రేపు ఒక పెద్ద సినిమావారికి నచ్చి కొనడానికి వస్తే, వారి న్యాయవాది మొదట అడిగేది ఈ పత్రాల వరుసనే, అది లేకపోతే మీ బేరం అక్కడే ఆగుతుంది.

2012లో ఈ చట్టానికి చేసిన సవరణ గీత రచయితకు, స్వరకర్తకు ఒక గట్టి రక్షణ ఇచ్చింది. సినిమా హాలులో సినిమాతో పాటు వినిపించడం మినహా మరే రూపంలో వాడినా వచ్చే రాయల్టీలో వారికి సమాన వాటా ఉంటుంది. సినిమాలో భాగం కాని పాటలకూ ఇదే వర్తిస్తుంది. ఆ వాటాను వారు తమ వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప వదులుకోలేరు, వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. గాయకులకు, వాద్యకారులకు ప్రదర్శకులుగా విడిగా రాయల్టీ హక్కు ఉంది. మరి బాణీని తీసుకుని దానికి తాళం, తీగవాద్యాలు, ఇంటర్లూడ్లు, మొత్తం ధ్వని రూపం ఇచ్చే మ్యూజిక్ ప్రొడ్యూసర్ సంగతి? బాణీకి వాద్యాల కూర్పును చట్టం మూల సంగీతానికి అనుసరణగా చూస్తుంది, ఆ అనుసరణ హక్కు సంగీతం హక్కుదారుడిదే. మిక్సింగ్ ఇంజనీరు పేరు రాయల్టీ జాబితాలో ఎక్కడా లేదు. చట్టం తప్పుగా ఉందని వాదించడం ఈ లేఖ ఉద్దేశం కాదు. రచయితకు ఒప్పందం పోయినా చట్టం మిగులుతుంది, మాకు ఒప్పందం తప్ప మరేమీ లేదు. నేను ఇంతగా పట్టుబట్టడానికి అదే కారణం.

జానపదం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా గదుల్లోకి వచ్చే ప్రైవేటు పాటల్లో దాని వాటా పెద్దది. జానపదం ఎవరి సొత్తూ కాదు కనుక ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదనే వాదన తేలికగా వినిపిస్తుంది. ఊరిలో తన తల్లి దగ్గర నేర్చుకున్న పాటను మైకు ముందు పాడి, ఆగిపోయిన చోట చరణం గుర్తుచేసుకుని, యాస సరిదిద్దిన మహిళకు ‘సేకరణ’ అన్న చోట పేరు, పాడినందుకు పారితోషికం రెండూ దక్కాలి. ఆమె పాడిన టేకు మీదనే మీ పాట నిలబడింది. ఆమె పేరు కాగితంలో ఉంటే, ఆ పాటను మరొకరు తమదని చెప్పుకున్న రోజున మీకే పనికివస్తుంది.

చెల్లింపుల విషయంలో చట్టం మీరు అనుకునేదానికన్నా స్పష్టంగా ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, చిన్న సంస్థలను నమోదు చేసే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న స్టూడియో మీకు పని అప్పగించి, మీరు దాన్ని స్వీకరించిన తర్వాత, గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాసుకున్నా ఆ గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. దానికి తోడు 2024-25 మదింపు సంవత్సరం నుంచి, ఇలా గడువు దాటించిన బకాయిని ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే సాధ్యమవుతోంది. మీ ఆడిటరును అడిగితే ఇదే చెబుతారు. ఫిర్యాదు చేయడానికి, ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ కూడా ఉంది. అయినా మాలో ఎవరూ దాని మెట్లు ఎక్కరు, ఎందుకంటే వచ్చే పండుగ పాట కూడా అదే ఛానెల్ నుంచి రావాలి, ఒక ఛానెల్ మీద ఫిర్యాదు చేశాడన్న మాట కృష్ణానగర్ దాటి మరో నాలుగు ఆఫీసులకు చేరడానికి ఒక పూట చాలు. హక్కు ఉండి వాడుకోలేని స్థితిలో ఉన్నవారితో పని చేయించుకుంటున్నామని మీకు తెలియాలి.

జీఎస్టీ లెక్క ఒకటి మీ దృష్టికి రాకపోవచ్చు. ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటి సేవలు అందించే స్టూడియో నమోదు చేసుకుని 18 శాతం వేయాలి. ఆ పన్ను మీరు డబ్బు ఇచ్చిన రోజున కాదు, బిల్లు ఇచ్చిన రోజుతోనే బాకీ పడుతుంది. నెలవారీ రిటర్ను వేసేవారు మరుసటి నెల 20వ తేదీలోగా కట్టాలి. లక్ష రూపాయల పనికి బిల్లు ఇస్తే, మీ దగ్గర నుంచి రూపాయి రాకముందే 18 వేలు ప్రభుత్వానికి మా జేబులోంచి వెళ్తుంది, అందులోంచి మా కొనుగోళ్ల మీద కట్టిన పన్ను ఏదైనా ఉంటే అంతవరకే మినహాయింపు. అందుకే కొందరు స్టూడియోవారు డబ్బు చేతికి వచ్చేదాకా బిల్లే ఇవ్వరు, బిల్లు లేదు కనుక మీ ఖాతాల్లో బాకీయే కనిపించదు, కనిపించని బాకీని తీర్చాలని ఎవరికీ గుర్తుండదు. ఈ వలయాన్ని తెంచడానికి నేను ప్రతిపాదించేది చాలా మామూలు పద్ధతి: తేదీ ఖరారు చేసినప్పుడు మూడో వంతు, గొంతు, వాద్యాల రికార్డింగు పూర్తయినప్పుడు మూడో వంతు, మాస్టర్ ఫైలు ఇచ్చేముందు మిగిలింది. అప్పటిదాకా వినడానికి తక్కువ నాణ్యత ఎంపీత్రీ పంపుతాము. దీన్ని అపనమ్మకంగా తీసుకోవద్దని మనవి. ఫంక్షన్ హాలుకు, కేటరింగ్‌కు, కెమెరా అద్దెకు ముందే డబ్బు కడుతున్న మీరు పాటకు మాత్రం నమ్మకం గురించి మాట్లాడడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

పేరు వేయడం మర్యాదకు సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు, కానీ అది డబ్బుకు సంబంధించిన విషయం కూడా. గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ 1969లోనే ఏర్పడింది, సవరించిన చట్టం కింద 2017లో మళ్లీ నమోదైంది. అలాంటి సంస్థ నుంచి ఒక స్వరకర్తకు రూపాయి రావాలంటే, పాట వివరాల్లో అతని పేరు సరిగ్గా ఉండాలి. పాటను స్ట్రీమింగ్ సేవలకు పంపేటప్పుడు ప్రతి రికార్డింగునూ విడిగా గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడుతో పాటు స్వరకర్త, రచయిత, గాయకులు అనే గడులు నింపవలసి ఉంటుంది. ఆ గడులన్నిటిలో ఛానెల్ పేరే రాసి పంపిన పాటలు నేను చూశాను. మీ ఆఫీసులో కూర్చున్న కుర్రవాడు పని త్వరగా ముగిద్దామనుకుని అలా నింపి ఉంటాడు, దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ తొందరకు మూల్యం రచయిత ఏళ్ల తరబడి చెల్లిస్తాడు. స్టూడియో పేరు, ప్రోగ్రామర్ పేరు, మిక్సింగ్ చేసినవారి పేరు వివరణలో వేస్తే మీకు ఖర్చేమీ లేదు, మాకు తర్వాతి పని దొరికేది ఆ వరుస చూసే. మా విజిటింగ్ కార్డు అదే.

దిద్దుబాట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ‘చిన్న కరెక్షన్’ అని పిలిచేదాన్ని కాగితంలో రెండు విడతలకు పరిమితం చేయాలి, ఆపైన గంటల లెక్కన తీసుకోవాలి. శ్రుతి మార్చమనడం, గాయకుడిని మార్చమనడం దిద్దుబాటు కాదు, కొత్త పని. పక్క ఛానెల్ పాటకన్నా సౌండు ఎక్కువ ఉండాలని అడగడం ఇంకా ఆగలేదు. యూట్యూబ్ మాస్టర్‌ను సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలమానం) స్థాయికి తగ్గించి వినిపిస్తుందని, అంతకన్నా ఎక్కువగా నొక్కి పంపిన పాట బిగ్గరగా మోగకపోగా డప్పు దెబ్బలో పదును కోల్పోతుందని ఇక్కడ మరోసారి మనవి చేస్తున్నాను.

సెషన్ ఫైళ్ల (పాటలోని విడివిడి రికార్డింగుల) విషయంలో కూడా ముందే తేల్చుకోవడం మంచిది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ రికార్డింగు నాణ్యత లెక్కన ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 మెగాబైట్లు తీసుకుంటుంది. 5 నిమిషాల పాటలో 80 ట్రాకులుంటే దాదాపు మూడున్నర గిగాబైట్లు, పక్కన పెట్టిన టేకులు కలిస్తే దానికి ఎన్నో రెట్లు. రెండు కాపీలు ఉంచితేనే అది భద్రం. మూడేళ్ల తర్వాత ఫోన్ చేసి, పాట రీమిక్స్ చేయాలి, ఓపెన్ ట్రాకులు (గొంతు, వాద్యాల విడివిడి ఫైళ్లు) పంపమని అడిగేవారికి, ఆ మూడేళ్లూ హార్డ్‌డిస్కు ఎవరు కొన్నారన్న ఆలోచన రాదు. ఏడాది వరకు ఉచితంగా భద్రపరచడం, ఆపైన మీకు అప్పగించడం లేదా ఏటా రుసుము తీసుకోవడం న్యాయమైన పద్ధతి. ఓపెన్ ట్రాకులు మాస్టర్‌తో పాటే వస్తాయా, విడిగా కొనుక్కోవాలా అన్నది కూడా రాసుకుంటే, తర్వాత ఇద్దరికీ మాట పడదు.

ఈ కాగితం మమ్మల్ని కూడా కట్టిపడేయాలి, లేకపోతే దానికి అర్థం లేదు. మావైపు ఉన్న లోపాలు మీకు తెలుసు. ఒకరికి చేసిన ట్రాకునే శ్రుతి మార్చి, సన్నాయి బదులు వేణువు పెట్టి మరొకరికి అమ్మేవారు ఉన్నారు. పైరసీ సాఫ్ట్‌వేర్ ప్లగిన్లతో నడిచే స్టూడియోలు ఉన్నాయి. శాంపిల్ ప్యాకులోంచి తీసిన లూపు (పదేపదే మోగే చిన్న సంగీత ముక్క) ఎవరైనా వాడుకోగలిగేది. అదే లూపు ఉన్న పాటను వేరేవారు పాటల హక్కుదారులను గుర్తించే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీలో నమోదు చేస్తే, మీ పాట మీద క్లెయిమ్ పడి ఆదాయం ఆగిపోతుంది, అప్పుడు మీరు మాకు ఫోన్ చేస్తే మేము ఎత్తము. కాబట్టి ఏ లూపు ఎక్కడినుంచి వచ్చింది, దానికి లైసెన్సు ఉందా, ట్రాకు మీ ఒక్కరికేనా అన్నది స్టూడియో రాసి ఇవ్వాలి. తేదీ తప్పితే ఎంత తగ్గించాలో కూడా అందులో ఉండాలి. నేను రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఈ మధ్య వచ్చిన కొత్త చిక్కు ఏఐ. ఏఐతో తయారు చేయించిన ట్యూను తెచ్చి, ‘దీన్నే నిజమైన వాద్యాలతో చెయ్యండి’ అని అడిగేవారు పెరిగారు. దానిలో ఎవరి బాణీ ఎంత ఉందో మాకు తెలియదు. ఆ బాధ్యత తెచ్చినవారిదేనని రాయాలి. మరో వైపు, మా దగ్గర పాడిన గాయని విడి గొంతు ఫైలు మీ చేతికి వచ్చాక, దానితో ఆమె గొంతుకు ఏఐ నమూనా తయారు చేసి తర్వాతి పాటలు ఆమె లేకుండానే పాడించుకోవడం ఇప్పుడు సాధ్యమే. 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించడాన్ని అడ్డుకుంటూ మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. ఆయనకు ఉన్న పేరు, న్యాయవాదులు మన కోరస్ అమ్మాయికి లేవు. ఆమె పక్షాన ఒక్క వాక్యం మన కాగితంలో చేర్చవచ్చు: ఈ గొంతును ఈ పాటకు తప్ప వాడరాదు.

పెద్ద సినిమా నిర్మాతలకు విడిగా ఒక మనవి. 1976లో హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోలు, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చినప్పటికీ, షూటింగులు ఇటు తరలిన తర్వాత కూడా పాటల రికార్డింగు చాలాకాలం మద్రాసులోనే సాగింది, ఎందుకంటే పెద్ద హాళ్లు, వాటిలో వాయించే అనుభవజ్ఞులు అక్కడ ఉన్నారు. 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్ గార్లు ఆస్కార్ అందుకున్న తర్వాత తెలుగు పాట గురించి ఎంతో గొప్పగా మాట్లాడుకున్నాం. అయినా నలభై మంది తీగవాద్యకారులు ఒకేసారి వాయించవలసి వస్తే మన సినిమాలు ఇప్పటికీ చెన్నైకో, హంగేరీలోని బుడాపెస్ట్‌కో, ఉత్తర మాసిడోనియాలోని స్కోపియేకో వెళ్తున్నాయి. నాణ్యత కోసం వెళ్లడంలో తప్పు లేదు. అంత పెద్ద హాలు ఇక్కడ కట్టడానికి ముందుకు వచ్చేవారికి మొదట కావలసింది, ఏడాదికి ఇన్ని రోజులు బుక్ చేసుకుంటామని కొందరు నిర్మాతలు కలిసి రాసి ఇచ్చే హామీ. రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకుని బయటికి వస్తున్నవారికి సెషన్లలో వాయించే అనుభవం ఇచ్చే గది అప్పుడే వస్తుంది. వేదికల మీద హైదరాబాద్‌ను సంగీత కేంద్రం చేస్తామనడం సులువు, ఆ మాటను ఎవరూ తాకట్టు పెట్టుకుని అప్పు ఇవ్వరు.

పైన చెప్పినవన్నీ ఒకే పేజీలో పట్టేలా తెలుగులో ఒక ముసాయిదా రాసి నా స్టూడియోలో ఉంచాను. ఎవరు అడిగినా ప్రతి ఇస్తాను, పోటీ స్టూడియోల వారికి కూడా. అందులో మీకు నచ్చని నిబంధన ఉంటే కొట్టివేయండి, మీది రాయండి, బేరమాడండి. బేరమాడిన కాగితం బేరం లేని నోటిమాటకన్నా మేలు. చట్టం తెలిసిన న్యాయవాదికి ఒకసారి చూపించుకోమని కూడా నా సూచన. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఆ పేజీ మీద సంతకం లేకుండా నా స్టూడియోలో రికార్డింగు మొదలుకాదు. ఈ నిర్ణయం వల్ల కొంత పని పక్క వీధికి వెళ్తుందని నాకు తెలుసు. పక్క వీధి స్టూడియో వారు కూడా ఇదే పేజీ ముందుంచితే మీరు ఆశ్చర్యపోకూడదనే ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

ఇట్లు,
యూసుఫ్‌గూడలో ఒక రికార్డింగ్ స్టూడియో యజమాని,
హైదరాబాద్.